ముంగిటి శిలాపుస్తకము

అంగారక గ్రహమున జెజిరో బిలమందు పూర్వమొక నది సరస్సులో గలియుచు డెల్టాను నిర్మించినది. 2021 ఫిబ్రవరి 18న అచట దిగిన అమెరికా యంత్రశకటము పెర్సెవరెన్సు, కార్బనేటు ఖనిజములను, బంకమన్ను గల శిలలను పరీక్షించి ఆ జలచరిత్రమును వెలికిదీయుచున్నది. గోదావరి ఒండ్రుపై బ్రతుకు మనకీ వార్త పరాయిది గాదు. ఆ గ్రహపు నేల విశేషముగా బసాల్టు శిల; మన కాతేరు, గౌరీపట్నముల నల్లరాయియు నదియే. సుమారు ఆరున్నర కోట్ల యేండ్లనాటి యీ లావాపొరల నడుమ నాటి ఉప్పునీటి గుల్లలు నేటికిని గానవచ్చును.

కోట్ల మైళ్ల దూరపు రాతికై లోకము ధనము వెచ్చించుచుండగా, ముంగిటి రాతిని ఆనవాలైనను మిగుల్పక కంకర జేయుట వివేకమగునా? క్వారీలు మూయుమని మేమనుట లేదు; రోడ్లకు రాయి వలయును. ఒక్క గోడనైనను విద్యార్థులకై విడువవలయును. ప్రభుత్వమును, భూస్వాములును జాగుసేయక దీనిని నిశ్చయింతురుగాక!