"చెయ్యి పడని ప్రకృతి"ట!

లేక్ డిస్ట్రిక్ట్ చూసొచ్చిన మనవాళ్ళందరిదీ ఒకటే మాట: "మనిషి చెయ్యి పడని ప్రకృతండీ!" ఈ మాటతోనే నా పేచీ.

లోయల్ని తొలిచింది మంచుయుగపు హిమానీనదాలే, ఒప్పుకుంటాను. విండర్‌మియర్ అంత సన్నగా, పొడుగ్గా ఉండేది అందుకే. మరి ఆ బోడికొండలో? ఒకప్పుడు అక్కడ అడవులుండేవి. మనుషులు నరికారు, మళ్ళీ మొలిచినవాటిని గొర్రెలు మేశాయి. థర్ల్‌మియర్ నీళ్ళు 1894 నుంచీ మాంచెస్టర్ కుళాయిల్లోకి పోతున్నాయి. హాజ్‌వాటర్‌కి 1930లలో ఆనకట్ట కట్టి మార్డేల్ అనే ఊరినే ముంచేశారు. గట్టి కరువొస్తే ఆ ఊరి గోడలు ఇప్పటికీ బయటపడతాయి. శ్రీశైలం ముంపు గ్రామాల గురించి వింటూ పెరిగిన మనం కూడా ఆ గట్టుమీద ఫొటో దిగి "ఎంత ప్రశాంతమో!" అంటే ఎలాగండీ?

2017లో యునెస్కో ఇచ్చిన గుర్తింపు కూడా సాంస్కృతిక వారసత్వంగానే, ప్రకృతి కోటాలో కాదు.

మాటదేముంది అంటారా? నిన్నటి చెయ్యి కనపడనివాళ్ళకి ఇవాళ్టిదీ కనపడదు. వేసవిలో విండర్‌మియర్‌ మీద పచ్చటి నాచు తెట్టె కడుతోంది. మురుగులోంచి వచ్చే ఫాస్ఫరస్ దానికో ముఖ్య కారణం. వారాంతానికి వెళ్ళొచ్చే మన వాటా కూడా ఆ మురుగులో ఉంది. అది "ప్రకృతి" చేసిన పని కాదు కదా!