ఆ కంప్యూటరు మీ సొంతమా?

మీ ఆఫీసు కంప్యూటర్లో ఏమేం ఉన్నాయో మీకు తెలుసా?

తెలీదు.

మీ దగ్గర లెక్కలు రాసే అబ్బాయికి తెలుసా? అతనికీ తెలీదు. నిరుడు మానేసి వెళ్ళిన కుర్రాడు ఏదో ఎక్కించాడు. రిపేరుకొచ్చిన మెకానిక్కు ఇంకేదో ఎక్కించాడు. పాటల కోసం ఒకరు, క్రికెట్టు చూడ్డానికి ఒకరు, పీడీఎఫ్‌లు కలపడానికి ఒకరు, తలా ఒకటి దించుకున్నారు. అవన్నీ ఇంకా అందులోనే ఉన్నాయి. మిమ్మల్ని నమ్మి వచ్చినవాళ్ళ ఆధార్ నంబర్లూ, బ్యాంకు ఖాతాలూ, పొలం కాగితాలూ కూడా అందులోనే ఉన్నాయి.

అయినా మీకు భయం లేదు. ఎందుకు లేదు?

మనం ఉన్నది బళ్ళారిలో. సిరుగుప్ప వడ్ల మిల్లులో, ఏపీఎంసీ యార్డు మండీలో, జీన్స్ కార్ఖానాలో, సండూరు గనుల కాంట్రాక్టరు ఆఫీసులో, తాలూకాఫీసు ఎదుటి డీటీపీ సెంటర్లో, ప్రైవేటు స్కూల్లో, నర్సింగ్‌హోంలో కంప్యూటరు లేని బల్ల లేదిప్పుడు. ఎవరు పడితే వాళ్ళు ఏది పడితే అది ఎక్కించకుండా కట్టడి ఉన్న ఆఫీసులు వాటిలో ఎన్ని? వేళ్ళ మీద లెక్కపెట్టండి. మొదటి వేలు మీ ఆఫీసు పేరిట ముడవగలరా?

అడిగితే మూడు జవాబులు తయారుగా ఉంటాయి. "చిన్న సాఫ్ట్‌వేరే కదా సార్." "అందరూ వాడేదే కదా." "ఇన్నేళ్ళుగా మనకేమైంది?"

ఏమవుతుందో చెబుతాను. వినే ఓపిక ఉందా?

హైదరాబాదులో ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు ఉంది. 2021 నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా మెయిళ్ళు వచ్చాయి. ఇద్దరు తెరిచారు. ఇద్దరంటే ఇద్దరే. బ్యాంకు ఎన్నడూ అనుమతించని ప్రోగ్రాము వాళ్ళ కంప్యూటర్లలోకి దిగింది. ఎక్కడో కూర్చున్నవాడికి ఇక్కడి స్క్రీను కనిపించింది. ఇక్కడ నొక్కిన ప్రతి అక్షరం, ప్రతి పాస్‌వర్డు అక్కడికి చేరింది. 2022 జనవరిలో 12.48 కోట్ల రూపాయలు పోయాయి. ఆ సొమ్ము 115 ఖాతాలకు, అక్కడి నుంచి 398 ఖాతాలకు పాకి, దేశమంతటా 938 ఏటీఎంల నుంచి నోట్లుగా బయటికొచ్చింది.

పోలీసులు దర్యాప్తులో ఏం తేల్చారు? సరైన ఫైర్‌వాల్ లేదు. నెట్‌వర్కును భాగాలుగా విడదీయలేదు. సర్వాధికారాలున్న లాగిన్లు పదిమందికి ఇచ్చారు, అందులో కొందరికి ఒకటే పాస్‌వర్డు. సైబర్ భద్రత నిబంధనలు పాటించలేదని 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

అక్కడ పదిమందికి సర్వాధికారం. మీ ఆఫీసులో ఎంతమందికి?

అందరికీ కాదూ?

హైదరాబాదు సంగతి మనకెందుకంటారా? 1976లో తుంగభద్ర గ్రామీణ బ్యాంకు పుట్టిన ఊరు ఇది. ఈనాటికీ గ్రామీణ బ్యాంకు కేంద్ర కార్యాలయం ఉన్న ఊరు ఇది. పల్లె రైతు దాచుకున్న రూపాయి విలువ ఎంతో ఈ ఊరికి ఒకరు చెప్పాలా?

మహేశ్ బ్యాంకువాళ్ళంటే మోసపోయి మెయిలు తెరిచారు, మావాళ్ళు తెలివైనవాళ్ళు అంటారా? అయితే 2018 సెప్టెంబరు గుర్తు చేసుకోండి. ఆధార్ నమోదు సాఫ్ట్‌వేరుకు దొంగ ప్యాచ్ ఒకటి 2,500 రూపాయలకు దొరుకుతోందని హఫ్‌పోస్ట్ ఇండియా బయటపెట్టింది. అది ఎక్కిస్తే ఆపరేటరును వేలిముద్ర అడగదు. కంప్యూటరు ఏ ఊళ్ళో ఉందో పట్టించే జీపీఎస్ పనిచేయదు. ఆధార్ సంస్థ ఆ కథనాన్ని తోసిపుచ్చింది, డేటాబేసు భద్రంగా ఉందని చెప్పింది. నేనడిగేది డేటాబేసు గురించి కాదు. అలాంటి ప్యాచ్ ఎక్కించేది ఎవరు? పని కంప్యూటరు ముందు కూర్చున్న తెలివైన మనిషే. తెలిసి, కావాలని, పని త్వరగా అవుతుందని ఎక్కించేవాణ్ణి మీ ఆఫీసులో ఆపేది ఏముంది?

2017 మేలో వానాక్రై అనే మాల్‌వేర్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు మొరాయించాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లకూ సోకింది. దాన్ని అడ్డుకునే అప్‌డేటును మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. అప్‌డేటు వేసుకున్న కంప్యూటర్లు బతికాయి. మరి క్రాక్ చేసిన విండోస్ నడిపే ఆసామి ఏం చేస్తాడు? దొంగ కాపీ బయటపడుతుందని అప్‌డేట్లే ఆపేస్తాడు. మీరు ఆపేసి ఎన్నేళ్ళయింది?

2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో పరిపాలన పనులకు వాడే కంప్యూటర్లోనే మాల్‌వేర్ దొరికింది. అణు కేంద్రం ఆఫీసుకే తప్పలేదు. మీ కౌంటరు ఎంత?

ఒక్కసారి తలెత్తి మీ గదిలోకే చూడండి: యాంటీవైరస్ ఆపితే తప్ప ఎక్కని క్రాక్ అకౌంటింగ్ ప్యాకేజీ, అలా ఆపిన యాంటీవైరస్‌ను మళ్ళీ ఎవరూ ఆన్ చేయకపోవడం, విండోస్‌ను ఉత్తపుణ్యానికి యాక్టివేట్ చేస్తుందని ఎవరో పెన్‌డ్రైవులో తెచ్చిన దొంగ ప్రోగ్రాము, అదే పెన్‌డ్రైవు జెరాక్సు అంగడి నుంచి స్కూలుకీ స్కూలు నుంచి ఆడిటరు ఆఫీసుకీ తిరగడం, ఊరూ పేరూ లేని సైటు నుంచి దించిన తెలుగు ఫాంట్లు, జీన్స్ ఎంబ్రాయిడరీ డిజైన్లకని ఎక్కించిన క్రాక్ సాఫ్ట్‌వేరు, అకౌంటెంటు ఇంటి నుంచి చూసుకుంటాడని రాత్రీ పగలూ తెరిచి ఉంచిన ఎనీడెస్క్, కంప్యూటరును శుభ్రం చేస్తానని తనే చెత్తను తెచ్చిపోసే క్లీనరు, ఐపీఎల్ చూడ్డానికి వీపీఎన్, సినిమాలకు టొరెంటు, సెలవుల్లో ఓనరు కొడుకు ఎక్కించుకున్న ఆటలు, బ్రౌజరుకు వేలాడుతున్న ఎక్స్‌టెన్షన్లు, వాట్సాప్‌లో వచ్చి డెస్క్‌టాప్ మీదే పడి ఉన్న ఆధార్ కాపీలు, మానేసి ఏడాదైనా తెరుచుకుంటూనే ఉన్న పాత ఉద్యోగి లాగిను, మానిటరుకు అంటించిన చీటీ మీద అడ్మిన్ పాస్‌వర్డు, పాడైతే తిరిగి తెచ్చుకోవడానికి తీసిన బ్యాకప్పు కూడా అదే కంప్యూటర్లో, వీటన్నిటి మధ్య ఒక రైతు పహణీ, ఒక గర్భిణి స్కానింగ్ రిపోర్టు, ఒక విద్యార్థి మార్కుల జాబితా, ఇరవైమంది కూలీల బ్యాంకు ఖాతాలు.

ఇందులో మీకు కొత్త సంగతి ఒక్కటైనా ఉందా?

లేదు. అన్నీ తెలుసు. తెలిసీ ఊరుకున్నారు.

నాకు కోపం అందుకే.

బీరువా తెరిచిపెట్టి, దారిన పోయేవాణ్ణి ఇంట్లోకి పిలిచి, పడుకునే మనిషిని ఏమంటారు? బీరువాలో ఉన్నది మీ సొమ్మయితే మీ ఇష్టం. ఉన్నది మీ సొమ్ము కాదే!

చట్టం తెలీదంటారా? తెలుసుకోండి. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటరు ప్రోగ్రాము వాడితే కాపీరైటు చట్టం 63బి ప్రకారం 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, జనం వివరాలకు తగిన భద్రత కల్పించని సంస్థకు గరిష్ఠ జరిమానా 250 కోట్ల రూపాయలు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2022 జూన్‌లోనే సూచనలు వచ్చాయి: స్టాండర్డ్ యూజరు ఖాతాలోనే పని చేయండి, దొంగ సాఫ్ట్‌వేరు ఎక్కించకండి, అనుమతి లేకుండా టీమ్‌వ్యూయరూ ఎనీడెస్కూ వాడకండి అని. ఎనీడెస్క్ ఎక్కించి డబ్బు కాజేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది.

ఎవరు చదివారు? చదివినవాళ్ళు ఏం చేశారు?

ఇక్కడొక మాట. మేనేజర్లూ, ఓనర్లూ, ఆఫీసర్లూ, మీకే చెబుతున్నాను. తప్పంతా గుమాస్తా మీదికి తోసేయకండి.

అతనికి కన్నడలో ఉత్తరం కొట్టాలి, తెలుగులో అర్జీ కొట్టాలి. సరిహద్దు జిల్లాలో పని అంటే అదే. మీరు ఇచ్చిన కంప్యూటర్లో ఆ రెండు లిపులకూ ఏర్పాటు చేశారా? స్కాన్ చేసిన కాగితాలు కలపడానికి ఏమైనా ఇచ్చారా? అడిగితే "ఎట్లో చేసుకోప్పా" అన్నది ఎవరు? సాయంత్రానికల్లా పని కావాలన్నది ఎవరు? అతను నెట్‌లో వెతికాడు, దొరికింది ఎక్కించాడు. లైసెన్సుకు డబ్బు దండగ అని క్రాక్ తెమ్మన్నది మీరే అయితే, రేపు అతని ఉద్యోగం తీసే హక్కు మీకెక్కడిది?

కన్నడకు నుడి సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. తెలుగు, కన్నడ యూనికోడ్ కీబోర్డులు విండోస్‌లోనే ఉన్నాయి. ఉత్తరాలకూ పట్టికలకూ లిబ్రెఆఫీస్ ఉచితం. ఉచితంగా, న్యాయంగా దొరికేదాన్ని వదిలి దొంగసరుకు ఎందుకు?

కట్టడి చేయడం కష్టమా? కాదు.

విండోస్‌లో రెండు రకాల ఖాతాలుంటాయి. ఒకటి అడ్మినిస్ట్రేటరు, ఒకటి స్టాండర్డ్ యూజరు. స్టాండర్డ్ ఖాతాలో లెక్కలు రాయొచ్చు, ఉత్తరాలు కొట్టొచ్చు, ప్రింటు తీయొచ్చు. కంప్యూటరు మొత్తాన్ని మార్చే ప్రోగ్రాము ఎక్కించాలంటే మాత్రం అడ్మిన్ పాస్‌వర్డు అడుగుతుంది. ఆ పాస్‌వర్డు బాధ్యత గల ఒకరి దగ్గరే ఉండాలి. ఆ అడ్డును కూడా దాటిపోయే చిన్న ప్రోగ్రాములున్నాయి. వాటినీ ఆపడానికి, అనుమతించినవి తప్ప మరేవీ నడవకుండా చూసే యాప్‌లాకర్ విండోస్‌లోనే ఉంది. ఇందుకు కొత్త కంప్యూటరు కొనక్కర్లేదు. పెద్ద ఇంజనీరును పిలవక్కర్లేదు.

ఖర్చు ఎంత? స్టాండర్డ్ ఖాతా తెరవడానికి ఒక్క రూపాయి కాదు.

ఒక్క రూపాయి ఖర్చులేని పనిని ఇన్నేళ్ళుగా ఎందుకు చేయలేదు? జవాబు చెప్పండి. "టైం లేదు" అనొద్దు. "మా కుర్రాడు చూసుకుంటాడు" అనొద్దు. "మన ఊళ్ళో ఎవరు హ్యాక్ చేస్తారు" అసలే అనొద్దు. మెయిలు పంపేవాడికి బళ్ళారి అయినా బెంగళూరు అయినా ఒకటే.

రేపు పొద్దున ఆఫీసు తెరవగానే మొదలుపెట్టండి. ప్రతి కంప్యూటర్లో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాయండి. ఎందుకుందో ఎవరూ చెప్పలేనిది తీసేయండి. దొంగ కాపీ తీసేసి అసలుది కొనండి, లేదా ఉచితమైనది పెట్టండి. అందరికీ స్టాండర్డ్ ఖాతాలు ఇవ్వండి. మానేసినవాళ్ళ లాగిన్లు మూయండి. అప్‌డేట్లు తెరవండి. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, ఆ సంగతి కూడా తేల్చండి. బ్యాకప్పు వేరే చోట దాచండి. పనికి ఏదైనా సాఫ్ట్‌వేరు కావాలని ఉద్యోగి అడిగితే ఆ రోజే అవుననో కాదనో చెప్పండి. నెలకొకసారి మళ్ళీ చూడండి.

ఉద్యోగులకూ ఒక మాట. మీ జీతం ఆ కంప్యూటరు మీద పనికి ఇస్తున్నారు, దాన్ని ఇష్టం వచ్చినట్టు వాడుకోవడానికి కాదు. కావలసింది అడగండి. ఇవ్వకపోతే రాతపూర్వకంగా మళ్ళీ అడగండి. చాటుగా ఎక్కించకండి.

ఇంత చెప్పాక కూడా "చూద్దాంలే" అంటే, రేపు ఒక రైతు ఖాతా ఖాళీ అయిన రోజున పోలీసులు దొంగను వెతుకుతారు. దొరుకుతాడో లేదో. ఆ దొంగకు దారి ఇచ్చినవాళ్ళు ఎవరో మాత్రం అప్పటికే తెలిసి ఉంటుంది.

అది మీరే.