‘ఏది బెస్ట్?’ కాదు.. ‘దేనికి బెస్ట్?’

ఏరోనాటికల్ చదివే ఫ్రెండ్‌ని ‘ఏ విమానం బెస్ట్?’ అని అడిగి చూడండి. ఠక్కున ఓ పేరు, ఓ అంకె చెప్పేస్తారు. ‘ఎందుకు?’ అనగానే ఆగిపోతారు. ఇంటర్వ్యూలో మనల్ని ముంచేది ఆ మౌనమేనన్నది నా అభిప్రాయం.

ఓ ఉదాహరణ చూద్దాం. స్విట్జర్లాండ్‌లో తయారైన ‘ఆర్కియాప్టెరిక్స్’ అనే గ్లైడర్ బరువు 54 కిలోలు. పైలట్ దాన్ని భుజాలకెత్తుకుని, కొండవాలు మీద నాలుగడుగులు పరిగెత్తి గాల్లోకి లేస్తాడు. దాని గ్లైడ్ రేషియో 28. అంటే గాలి నిశ్చలంగా ఉన్నప్పుడు ఒక కిలోమీటరు కిందికి దిగేలోపు 28 కిలోమీటర్లు ముందుకెళ్తుంది.

మిగతావాటి గ్లైడ్ రేషియో సుమారుగా ఇలా ఉంటుంది:

* సెస్నా 172 (ఇంజిన్ ఆగితే): 9
* మంచి పారాగ్లైడర్: 10
* మంచి హ్యాంగ్ గ్లైడర్: 15
* బోయింగ్ 747: 17
* పోటీల్లో వాడే 15 మీటర్ల రెక్కల సెయిల్‌ప్లేన్: 40కి పైనే

మరి ఈ గ్లైడర్ జంబోజెట్ కంటే గొప్పదా? ఆ ప్రశ్నే తప్పు. జెట్ పని వందల మందిని గంటకు 900 కిలోమీటర్ల వేగంతో మోయడం. సెయిల్‌ప్లేన్ అంకె పెద్దదే. కానీ దాని బరువు 250 కిలోల దాకా ఉంటుంది. పైకి లేపాలంటే మరో విమానమో, వించ్‌తో లాగే తాడో కావాలి. కొండ మీద ఒంటరిగా నిలబడ్డ మనిషికి ఆ 40 ఎందుకూ పనికిరాదు.

‘కాళ్లతోనే ఎగరాలి’ అన్న ఒక్క షరతు డిజైన్ మొత్తాన్ని శాసిస్తుంది. రెక్క పొడవు పెంచితే డ్రాగ్ తగ్గుతుంది. కానీ రెక్క మొదట్లో బెండింగ్ మూమెంట్ పెరుగుతుంది. దాన్ని తట్టుకునేలా స్పార్‌ను బలంగా చేస్తే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే లేవడానికి ఇంకా వేగంగా పరిగెత్తాలి. మనిషి ఎంతని పరిగెత్తగలడు? అందుకే తేలికైన కార్బన్ ఫైబర్‌ను ఎంచుకున్నారు.

అదే షరతుకు అమెరికాలో ఇంకో జవాబు దొరికింది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ ఇలాన్ క్రూ పాలుపంచుకున్న ‘స్విఫ్ట్’ గ్లైడర్‌కు తోకే లేదు. రెక్కల్ని వెనక్కి వంచి, కంట్రోల్స్‌ని వాటిలోనే పెట్టారు. దీని గ్లైడ్ రేషియో కూడా 25 దరిదాపుల్లో ఉంటుంది. ప్రశ్న ఒక్కటే, దారులు రెండు.

ఇప్పుడు మీ రెజ్యూమె తీసి చూడండి. ‘డిజైన్డ్ ఎ గ్లైడర్’ అని ఒక్క లైన్ రాసి వదిలేశారా? ఏ షరతుతో మొదలెట్టారు? దేనికోసం దేన్ని వదులుకున్నారు? ఈ రెండూ చెప్పలేకపోతే ఎంత మంచి సాఫ్ట్‌వేర్‌తో చేసినా ఆ ప్రాజెక్టు మీది అనిపించదు.

ఈ వారం ఓ పని చేయండి. పై జాబితాలోని ఐదింటికీ ఆర్కియాప్టెరిక్స్‌ను కలిపి బరువు, రెక్కల పొడవు, రెక్కల వైశాల్యం, స్టాల్ స్పీడ్, గ్లైడ్ రేషియో ఎక్సెల్‌లో వేయండి. గ్రాఫ్ గీయండి. ఒక్కోటి ఎందుకలా ఉందో రెండేసి వాక్యాలు రాయండి. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, ఫీజు అసలే అక్కర్లేదు. మెకానికల్ వాళ్లూ చేయొచ్చు.

రేపు ప్యానెల్‌లో ఎవరైనా ‘ఏది బెస్ట్?’ అనడిగితే కంగారు పడకండి. ‘దేనికి సర్?’ అని మర్యాదగా అడగండి. అసలు ఇంటర్వ్యూ అక్కడే మొదలవుతుంది.