అద్దాల తలుపుకు ఒక గుడ్డ తెర

విశాఖపట్నంలో ఇల్లు చూపించేవారు మిమ్మల్ని ముందుగా హాలు చివర ఉన్న అద్దాల తలుపు దగ్గరకు తీసుకువెళతారు. తలుపు పక్కకు జరిపి, సముద్రాన్నో, లంగరు వేసిన ఓడలనో, దూరంగా యారాడ కొండనో చూపిస్తారు. ఆ దృశ్యం చూశాక మనలో చాలామందికి అడగవలసిన ప్రశ్న ఒకటి గుర్తుకు రాదు. ఈ తలుపు ఏ దిక్కుకు ఉంది? మే నెలలో ఏ వేళకు దీని మీద ఎండ పడుతుంది? నలభై ఏళ్ళు వైద్యం చేసినవాడిగా ఆ ప్రశ్నను ఆరోగ్య ప్రశ్నగానే మీ ముందు ఉంచుతున్నాను.

కొన్నేళ్ళ క్రితం వేసవిలో ఒక సాయంత్రం మా వీధిలోని ఒక కుటుంబం నన్ను పిలిచింది. ఇంటి పెద్దావిడకు డెబ్బై అయిదేళ్ళు దాటాయి. రెండు రోజులుగా నీరసం, తిండి సహించడం లేదు. ఆ సాయంత్రం మాట తడబడి, మనుషులను పోల్చుకోలేకపోయారు. పక్షవాతమేమోనని కొడుకు భయపడ్డాడు. గదిలో అడుగుపెట్టగానే పొయ్యి ముందు నిలుచున్నట్టయింది నాకు. పడమటి గోడ నిండా అద్దాల తలుపు. వెలుతురు వస్తుంది, పొద్దుపోతుంది అని ప్రేమతోనే ఆమె మంచం దాని పక్కన వేశారు. ఆమె రక్తపోటుకు వాడుతున్నది మూత్రం ఎక్కువగా పోయే మాత్ర. వెంటనే ఆమెను వేరే గదిలోకి మార్చి, తడిగుడ్డలతో ఒళ్ళు తుడుస్తూ, ఫ్యాను గాలి తగిలేలా చేసి, ఆసుపత్రికి పంపాము. ఆమె కోలుకున్నారు. తిరిగి ఇంటికి వచ్చేలోగా కోడలు రెండు తెల్లని పాత దుప్పట్లతో తెర కుట్టి ఆ తలుపుకు కట్టింది. ఎవరూ చెప్పకుండానే ఆ అమ్మాయి చేసిన పని, నేను చాలాకాలంగా రోగులందరికీ చెప్పవలసి ఉండి చెప్పనిది.

అద్దం చేసే పని ఒకసారి ఆలోచించండి. ఎండ అద్దం గుండా లోపలికి వచ్చి నేలను, గోడలను, మంచాన్ని వేడెక్కిస్తుంది. వేడెక్కిన ఆ వస్తువులు విడిచే వేడిని అదే అద్దం సులువుగా బయటకు పోనివ్వదు. చలిదేశాలవారికి ఇది వరం. వారు అద్దాలు పెట్టుకున్నది ఆ వేడి కోసమే. మనం ఆ తలుపును తెచ్చుకున్నాము, వారి చలిని తెచ్చుకోలేము కదా!

మన ఊరు ఉన్న అక్షాంశాన్ని బట్టి మే రెండో వారంలోనూ, మళ్ళీ ఆగస్టు ఆరంభంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అందువల్ల వేసవిలో దక్షిణపు తలుపు మీద పడే ఎండ స్వల్పం. బాధంతా తూర్పు, పడమరలతోనే. ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా వచ్చి, పైన ఎంత సన్‌షేడ్ ఉన్నా దాని కిందుగా దూరిపోతుంది. గోడలు పగలంతా కాగి ఉన్న సమయంలో వచ్చే పడమటి ఎండ మరీ ప్రమాదకరం. తెర కుట్టే ముందు దిక్కు చూడమనేది ఇందుకే.

మా చిన్నతనంలో వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. గాలి పొడిగా ఉండే చోట అవి గదిని చల్లబరుస్తాయి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, నీరు త్వరగా ఆవిరి కాదు. మన చెమటకూ ఇదే కష్టం. చెమట ఆరినప్పుడే శరీరం చల్లబడుతుంది, కారిపోయే చెమట వల్ల ప్రయోజనం లేదు. కనుక థర్మామీటరు చూపే అంకె తక్కువే అనిపించినా తీరప్రాంతపు ఉక్కను తేలికగా తీసుకోకూడదు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా మరణించారని ప్రభుత్వ లెక్కలే తెలిపాయి. వడదెబ్బ అంటే ఎండలో తిరిగేవారికి వచ్చేదని మనం అనుకుంటాము. ముసలివారికి, పసిపిల్లలకు, మంచం పట్టినవారికి అది నీడలోనూ, ఇంట్లోనూ వస్తుంది.

ఏసీ ఉంది కదా అంటారేమో. ఉన్నవారికి ఉంది, కరెంటు ఉన్నంతసేపు ఉంది. ఎండను లోపలికి రానిచ్చి, ఆ వేడిని డబ్బు పోసి బయటకు తోడడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. మొదట నీడ, తరువాత గాలి, ఆ తరువాతే యంత్రం. నా అభిప్రాయం ఇదే.

ఇక కుట్టే సంగతి. తెర అద్దానికి బయట, బాల్కనీ పైకప్పు నుండి వేలాడితే ఉత్తమం. ఎండ అద్దాన్ని తాకకముందే ఆగుతుంది. అది వీలుకానప్పుడు లోపలే కట్టండి, అద్దం వైపు తెల్లని గుడ్డ ఉంచండి. తెలుపు వచ్చిన ఎండలో కొంత భాగాన్ని తిరిగి బయటకు పంపుతుంది. ముదురు రంగు దాన్ని పీల్చి గదికే ఇస్తుంది.

ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న రెండు రెక్కల తలుపుకు లోపలివైపు తెర లెక్క చెబుతాను. రెక్కకు ఒక తెర చొప్పున కుట్టండి. 44 అంగుళాల పన్నా ఉన్న నూలు గుడ్డ రెండున్నర మీటర్లు ఒక పొరకు సరిపోతుంది, అతుకు అక్కర లేదు. రెండు తెరలకు, రెండు పొరలకు పది మీటర్లు. నూలు గుడ్డ ముడుచుకుంటుంది కనుక నానబెట్టి, ఆరబెట్టి ఆ తరువాతే కత్తిరించండి. రెండు పొరలను పైన మాత్రమే కలిపి కుట్టండి. కింద విడిగా ఉంటే ఉతికినప్పుడు త్వరగా ఆరుతాయి, బూజు పట్టదు. పైన కడ్డీ దూరేంత మడత, కింద వెదురు బద్ద దూరేంత మడత పెట్టండి. తెర నేలకు రెండంగుళాల పైనే ఆగాలి. జీరాడే గుడ్డలో కాలు చిక్కుకుని పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న పెద్దలకు నేను వైద్యం చేశాను. బయట కట్టేదానికి పాలియెస్టర్ దారం వాడండి. ఇనుప రింగులు వద్దు, ఉప్పుగాలికి తుప్పు పట్టి గుడ్డను చింపుతాయి. కొత్త గుడ్డే కావాలని లేదు, పాత పంచెలు, దుప్పట్లు దివ్యంగా పనిచేస్తాయి.

కొన్ని జాగ్రత్తలు మరువవద్దు. తెర పైకి లాగడానికి పొడవాటి తాడు పెట్టవద్దు. వేలాడే తాడు మెడకు చుట్టుకుని పసిపిల్లలు చనిపోయిన సంఘటనలు అనేక దేశాలలో ఉన్నాయి. తెరను చుట్టి కట్టడానికి జానెడు నాడాలు గాని, టిచ్చు బటన్లు గాని చాలు. బాల్కనీలోని ఏసీ బయటి యూనిట్‌ను గుడ్డతో కప్పవద్దు. తుపాను హెచ్చరిక రాగానే బయటి తెర విప్పి లోపల పెట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ రోజు అద్దాలు ఎలా పగిలాయో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. గుడ్డ తెర ఎండను ఆపుతుంది గాని గాజు పెంకులను ఆపలేదు.

ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు మనది. జ్ఞానాపురం, మల్కాపురం, గాజువాక వైపు ఉండేవారికి కిటికీ గట్ల మీద పేరుకునే నల్లని దుమ్ము తెలుసు. తెర కూడా ఆ దుమ్మును పట్టుకుంటుంది. రెండు వారాలకొకసారి ఉతకని తెర ఉబ్బసం రోగికి మేలు కన్నా కీడే చేస్తుంది. మందపాటి మఖమలు కర్టెన్లు నేను వద్దనేది ఇందుకే. విప్పడానికి బరువు, ఉతకడానికి బద్ధకం.

తెర కడితే సూర్యరశ్మి అందక విటమిన్ డి తగ్గుతుందని కొందరు అడుగుతారు. చర్మంలో ఆ విటమిన్ తయారు కావడానికి కావలసిన కిరణాలను మామూలు అద్దం దాదాపు పూర్తిగా ఆపివేస్తుంది. అద్దం వెనుక కూర్చుంటే వేడి దక్కుతుంది గాని విటమిన్ దక్కదు. కాబట్టి మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. పొద్దు వాలి, బయటి గాలి లోపలి గాలి కన్నా చల్లబడగానే తెర చుట్టి తలుపు తెరవండి. సముద్రపు గాలినీ, ఆ దృశ్యాన్నీ అప్పుడు ఆనందించండి.

తెర వడదెబ్బకు మందు కాదని కూడా చెప్పాలి. ఒళ్ళు కాలిపోతూ మనిషి అయోమయంగా మాట్లాడినా, స్పృహ తప్పినా ఆలస్యం చేయకుండా ఒళ్ళు చల్లబరుస్తూ 108కి ఫోను చేయండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు. రక్తపోటుకు, గుండెకు, మానసిక వ్యాధులకు మందులు వాడేవారు వేసవి రాకముందే తమ వైద్యుణ్ణి ఒకసారి అడగాలి. మాత్రలు సొంతంగా మానకూడదు.

ఒక చిన్న పరీక్షతో ముగిస్తాను. గోడకు తగిలించే మామూలు థర్మామీటరు ఒకటి కొని, మీ ఇంట్లో పెద్దవారు పడుకునే మంచం దగ్గర, నేరుగా ఎండ తగలనిచోట పెట్టండి. సాయంత్రం నాలుగు గంటలకు ఒకరోజు తెర లేకుండా, అలాంటి ఎండే కాసిన మరొకరోజు తెరతో అంకె చూడండి. నా మాట నమ్మనక్కరలేదు, ఆ అంకెను నమ్మండి. తేడా కనిపిస్తే, ఆ మూల దుప్పటి కప్పి ఉన్న పాత కుట్టుమిషనుకు కాస్త నూనె వేయండి.