వేమన ఎవరితో పలికెను?

చెన్నేకొత్తపల్లి ప్రాంతమున వీధిబడి చదువు చదివిన వృద్ధుని గాని, నిన్నమొన్న బడిలో చేరిన బాలుని గాని పిలిచి ఒక పద్యము చదువుమన్నచో, మొదట వారి నోటికి వచ్చునది వేమన పద్యమే. ఇందు ఆశ్చర్యమేమియు లేదు. ఆ యోగి సమాధి యున్న కటారుపల్లె కదిరికి సమీపమున గాండ్లపెంట మండలములో నున్నది. హిందూపురము, పెనుకొండ, ధర్మవరములవలె అదియు మన జిల్లాలోనిదే.

అయితే ఈ సుపరిచయమే ఆ కవికి ఒక విధముగా అపకారము చేసినదని మా అభిప్రాయము. అక్షరములు దిద్దుకొను వయసున వల్లెవేసి, పరీక్షలో ప్రతిపదార్థము వ్రాసి, మీసము మొలచుసరికి విడిచిపెట్టి, మరల బిడ్డలచే కంఠస్థము చేయించునపుడు మాత్రమే తలచుకొనుటచేత, వేమన బాలుర కవియను భావము మనలో నాటుకొనిపోయినది. ఎనిమిదేండ్ల పిల్లవానికి లోభమన నేమి? ఆస్తి పంపకములలో అన్నదమ్ములు పగవారగుట యన నేమి? కపటగురువును నమ్మి చెడుట యెట్టిదో వాడెరుగునా? ఈ పద్యములు నిజమునకు ఇల్లును పొలమును అప్పులును గల నడివయసువారికై పుట్టినవి.

వేమన మకుటమును చూడుడు. సుమతి శతకకర్త బుద్ధిమంతుడైన శ్రోతను పిలిచెను. కుమార శతకకర్త కుమారుని పిలిచెను. వేమన మాత్రము తన్ను తానే పిలుచుకొనెను. మకుటములోని తక్కిన శబ్దముల అర్థమును గూర్చి పండితులెన్ని విధముల వాదించినను, ఆటవెలది నాలుగవ పాదము చివర వినుమని హెచ్చరింపబడినవాడు వేమనయే యనుటలో సందేహము లేదు. లోభిని ఏవగించుకొన్నను, దొంగ సన్యాసిని ఎండగట్టినను, ఆ మాట మొదట తన చెవిని పడవలెనని అతడు కోరెను. యౌవనమున భోగలాలసుడై తిరిగి పిమ్మట విరాగియైనాడను జనశ్రుతిలో సత్యమెంతయో నిర్ణయించుటకు తగిన సాక్ష్యములు లేవు. కాని తప్పు చేసి దిద్దుకొన్నవాని కంఠస్వరము ఆ పద్యములలో వినబడుచుండుటచేతనే లోకము ఆ కథను అల్లుకొన్నదేమో.

గుణమును గూర్చి చెప్పునపుడు అతడు శాస్త్రముల జోలికి పోలేదు. ఉప్పును కర్పూరమును చేర్చి చూపి, కంటికి ఒక్కటే గాని నాలుకకు వేరనెను. మనిషిని వేషముచేతను కులముచేతను గాక వాడుకలో తెలిసికొనవలెనన్న ఆ హితము మన పెండ్లి సంబంధములలోను ఎన్నికలలోను ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ఇక పట్టుదల మాట. అలవాటుచేత చేదువేపయు ఇంపగుననియు, సాధనచేత రాగము పదునెక్కుననియు చెప్పిన పద్యమును మనము గెలుపునకు ఉపాయముగా బోధించుచున్నాము. మాకట్లు తోచదు. ధర్మవరమున పట్టుచీర నేయువాని మగ్గము కడ ఒక పూట కూర్చున్నవారికి ఆ పద్యము మరియొక విధముగా తెలియవచ్చును. పడుగులో పోగు తెగును. అతడు నాడెను ఆపి, తెగిన కొనలను వెదకి, వ్రేళ్లతో కలిపి, మరల నేత సాగించును. ఎన్నిమారులు తెగినను విసుగుకొనడు. ముడిపడిన చోటు చీరలో కనబడనీయడు. ఆ ఓర్పు అతనికి కలిమిని తెచ్చినదనుట అసత్యము; అది అతని చేతికి స్వభావమైనది, అంతే. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు ఈ సీమలో, మొదటి పదునున వేసిన శెనక్కాయ విత్తు మాడిపోగా, మరల అప్పు తెచ్చి రెండవ పదునుకై ఆకాశము వంక చూచు రైతు సంగతియు ఇట్టిదే. వేమన చెప్పిన సాధన పంటకంటె ముందు మనిషిని మార్చును. పంట రావచ్చును, రాకపోవచ్చును.

వేమనను పెద్దవయసున చదివి తెలిసికొన్నవారు మనకు లేకపోలేదు. కంపెనీ కొలువున కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ దొర తాళపత్రములు సేకరించి, పాఠములు పోల్చి, 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతోను, 1839లో 1164 పద్యములను అచ్చువేయించెను. పరభాషవాడు ఇంత శ్రమపడుటకు వెనుక ఏ బడిలోను ఎవరును బెత్తము పట్టుకొని నిలువలేదు. అటుపిమ్మట అనంతపురము జిల్లా రాళ్లపల్లిలో 1893లో జన్మించిన అనంతకృష్ణశర్మగారు, సంస్కృతప్రాకృతములందును సంగీతమునందును నిష్ణాతులై, మైసూరు మహారాజా కళాశాలలో ఆంధ్రమును బోధించుచు, 1928లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షమున వేమనపై ఉపన్యసించిరి. అన్నమాచార్యుల కీర్తనలను స్వరపరచిన ఆ సుకుమార శ్రవణమునకు వేమన మొరటు పలుకు కర్కశముగా తోచకపోవుటయే మాకు గొప్ప సాక్ష్యము. వేమనను నీతులు చెప్పినవానిగా మాత్రమే గాక కవిగా తూచిన ఆ ఉపన్యాసముల గ్రంథమునకు సాటి రాదగినది ఇప్పటికిని అరుదు. మన జిల్లా గ్రంథాలయములలో అది పాఠకుని చేతికి సులభముగా అందవలెను.

పాఠకులకు మా ప్రార్థన ఒక్కటి. ఈసారి ఇంట పిల్లవానిచే వేమన పద్యము చెప్పించుకొనునపుడు, వాడు మకుటము చదివి ఆటకు పరుగెత్తిన తరువాత, వేమన పేరున్న చోట మీ పేరు పెట్టుకొని, ఆ పద్యమును మరల ఒకసారి మీకు మీరే చదువుకొనుడు.