బొంతకు స్కేలు

లాంగ్‌ఆర్మ్ అంటే కుట్టు మిషనే, కాకపోతే చెయ్యి బాగా పొడుగు. ఇంట్లో మిషన్‌కి సూదికీ కుడిపక్క స్తంభానికీ మధ్య 7, 8 అంగుళాల జాగా ఉంటే, దీనికి 18 నుంచి 26 అంగుళాల దాకా ఉంటుంది. అంతకంటే పెద్ద తేడా ఇంకోటుంది. మన మిషన్‌లో సూది ఉన్నచోటే ఉండి గుడ్డ కదులుతుంది. ఇక్కడ గుడ్డని మంచమంత ఫ్రేములో రోలర్ల మధ్య బిగించేస్తారు, మిషనే చక్రాల మీద నాలుగు దిక్కులా తిరుగుతుంది. అదంతా క్విల్టులు కుట్టడానికి. క్విల్టు అంటే ఏమిటని మా పొదిలిలో అడిగితే చెప్పేమాట ఒక్కటే: బొంత.

పోయినేడాది ఆఫీసు పని మీద డల్లాస్‌లో నాలుగు నెలలున్నాను. అక్కడ కొన్ని షాపుల్లో ముందు ఒక క్లాసు చెప్పి, ఆ తర్వాత గంటల లెక్కన ఈ మిషన్ అద్దెకిస్తారు. నా ఆదివారాలు దానికే పోయాయి. చక్రాల దగ్గరుండే ఎన్‌కోడర్లు మనం ఎంత వేగంగా లాగుతున్నామో కొలిచి, కుట్టు పొడుగు ఒకేలా ఉండేట్టు సూదిని నడిపిస్తాయి. మా ఫీల్డువాళ్ళకి ముద్దొచ్చే యంత్రం. కానీ కుట్టు పొడుగు చూసుకుంటుంది గానీ, గీత తిన్నగా రావడం దాని పూచీ కాదు. దానికే రూలర్లు.

ఈ రూలరు మన స్కూలు స్కేలు లాంటిది కాదు. పావు అంగుళం మందం ఉన్న అక్రిలిక్ పలక. పల్చటిదైతే సూది చుట్టూ ఉండే పాదం కిందికి దూరుతుంది, సూది దాని మీద పడి విరుగుతుంది. ఎడమచేత్తో పలకను గుడ్డ మీద నొక్కిపట్టాలి, కుడిచేత్తో మిషన్‌ని దాని అంచుకు ఆనించి నడపాలి. కింద ఆసరాకి ఒక బల్లలాంటి ప్లేటు తగిలిస్తారు. పాదం అంచు నుంచి సూదికి పావు అంగుళం దూరం కాబట్టి, కుట్టు ఎప్పుడూ పలకకి పావు అంగుళం అవతల పడుతుంది. 4 అంగుళాల చదరం కుట్టాలంటే మూడున్నర అంగుళాల పలక కావాలన్నమాట. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఈ లెక్క కొత్తేం కాదు.

కొత్తవాళ్ళకి కష్టం ఎడమచేతితోనే. పొడుగు పలకని ఒక చివర నొక్కితే రెండో చివర తిరిగిపోతుంది. వేళ్ళు విప్పి పట్టుకోవాలి. పాదం ముందుకెళ్ళేకొద్దీ చెయ్యి కూడా జరగాలి, ఆ జరిపేముందు సూదిని గుడ్డలో దించి ఆగాలి. వంపులూ చేపపొలుసులూ తర్వాత, ముందు తిన్నని గీతలే పది గంటలు కుట్టమంటారు. మంచి సలహానే.

ఇప్పుడు పొదిలిలో ఇంటినుంచే పని చేస్తున్నాను. అక్కకి నెలలు నిండుతున్నాయి. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డనీ పడుకోబెట్టింది నాయనమ్మ కుట్టిన బొంత మీదే. ఈసారి ఆమెకి సూదిలో దారం ఎక్కించేంత చూపు లేదు. మిషన్ డల్లాస్‌లో ఉంది, పాత నూలు చీరలు మాత్రం పెట్టెలో ఉన్నాయి. దానికి తోడు అక్క ఒకే మాట అంది: “కొన్నది నాకొద్దు.”

బొంత కుట్టడంలో ఫ్రేము వసారా నేలే. అడుగున ఒక చీర, మధ్యలో మెత్తబడ్డ పంచెలు, పైన ఇంకో చీర పరిచి, మూలలకి రాళ్ళు పెట్టి లాగుతాం. పొరలు జరక్కుండా ముందు జానెడు జానెడు దూరంలో పెద్ద కుట్లు వేస్తాం. చుట్టూరా పత్తి పండే ఊళ్ళో బొంతలో దూది ఉండదు, నాకది చిత్రంగా ఉంటుంది. అమెరికా క్విల్టులో మధ్యన దూదిపొర ఉంటుంది, అది ఉతుకుల్లో ఉండలు కట్టకుండా వరసకీ వరసకీ ఎంత దూరం దాటకూడదో ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. మన బొంతకి ప్యాకెట్ లేదు కదా. నేను సుద్దముక్కా స్కేలూ తీసుకుని కూర్చుంటే నాయనమ్మ నవ్వింది.

“గీతలు గీసుకునేదేందే అమ్మాయ్, వేలు లేదా నీకు?”

పసిబిడ్డ బొంతకి చిటికెనవేలు వెడల్పు, పెద్దవాళ్ళ దానికి బొటనవేలు. అయిపోయిన వరస పక్కన వేలు ఆనించి, ఆ వేలి అవతల గోరుతో గుడ్డ మీద గీరుతుంది. ఆ గాడి వెంటే సూది. చీర అంచు తిన్నగా నేసి ఉంటుంది కాబట్టి మొదటి వరసకి అదే ఆసరా. అంటే రూలరూ, పాదమూ, పావు అంగుళం లెక్కా అన్నీ ఆమె ఎడమచేతిలోనే ఉన్నాయి. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్ది ఆడవాళ్ళు తమ కవుదుల్ని ఒక మూలన మొదలుపెట్టి, అంచుల వెంట చుట్టూ తిరుగుతూ మధ్యకి కుట్టుకొస్తారు. వాళ్ళకీ ముందు వేసిన వరసే దారి.

వచ్చిన చిక్కల్లా మా ఇద్దరి వేళ్ళతోనే. మొదటి ఆరు వరసలు నేను దారం ఎక్కించి ఇస్తే నాయనమ్మే తడుముకుంటూ కుట్టింది. ఏడోది నుంచి నాది. నా చిటికెనవేలు సన్నం, వరసలు దగ్గరైపోతాయి. బొంత మీద ఆమె ఎక్కడ ఆపిందో ఎవరికైనా తెలిసిపోతుంది. అది నాకిష్టం లేకపోయింది. ఆమె వేలు పట్టుకుని కొలిస్తే 14 మిల్లీమీటర్లు వచ్చింది. పెళ్ళిపత్రిక అట్టని ఆ వెడల్పున కత్తిరించి చేతికిచ్చాను. అటూ ఇటూ తడిమి చూసింది.

“బానే ఉంది గానీ, దీనికి గోరేదే?”

గోరు నాదే వాడుతున్నా. నిన్నటికి 22 వరసలయ్యాయి. డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా మూడు వారాలుంది.