ఖాళీ నేల కాదు

గత నెల ఒక శుక్రవారం రాత్రి యౌవనుల కూడిక అయిపోయినా ఎవరూ ఇళ్లకు కదల్లేదు. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక సహోదరుడి ఫ్లాట్ అది. టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి అందరూ మ్యాప్ చూస్తున్నారు. ఒకరి బంధువు పెర్త్ నుంచి కింబర్లీ ఫోటోలు పంపారట. ఆస్ట్రేలియా వాయవ్య మూల. మన ఆంధ్రప్రదేశ్‌కు రెండున్నర రెట్లు ఉంటుంది, జనం మాత్రం ఇక్కడి ఒక మండలంలో ఉన్నంత మంది కూడా ఉండరేమో. ఎర్రమట్టి, లోయలు, మొసళ్లున్న నదులు, అటు సముద్రం. గిబ్ రివర్ రోడ్డు అని 660 కిలోమీటర్ల దారి, వానాకాలంలో మూసేస్తారు. చూస్తున్న కొద్దీ పిల్లల కళ్లు పెద్దవయ్యాయి. టికెట్ల ధర చూశాక మళ్లీ మామూలయ్యాయి.

అప్పుడు ఒక తమ్ముడన్నాడు: "మన దగ్గర మాత్రం లేదా? పులికాట్ నుంచి అరకు దాకా పోదాం."

అలా మొదలైంది. తొమ్మిది రోజులు, ఒక టెంపో ట్రావెలర్. చిత్తూరు, తిరుపతి మీదుగా సూళ్లూరుపేట. అక్కడినుంచి జాతీయ రహదారి పట్టుకుని సూర్యలంక, దివిసీమ, కోరింగ మడ అడవులు. తర్వాత సముద్రం వదిలి రాజమహేంద్రవరం, రంపచోడవరం, మారేడుమిల్లి, లంబసింగి, అరకు. బడిలో 974 కిలోమీటర్లని చదువుకున్న కోస్తాలో చాలా భాగం, దాని వెనక కొండలు. రానూ పోనూ రెండున్నర వేల కిలోమీటర్లకు తక్కువ కాదు. మంచి ఆలోచనే. సోమవారం నుంచి శుక్రవారం దాకా సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో నలిగే పిల్లలు కొండ గాలి పీల్చాలనుకోవడంలో తప్పేముంది? మేమూ వస్తామన్నాం.

కాగితం మీద పెట్టిన పేరు దగ్గరే మాకు ముల్లు గుచ్చుకుంది. "ఎవరూ లేని ఆంధ్ర" అని రాశారు.

కింబర్లీని కూడా ఒకప్పుడు అలాగే అన్నారు. ఎవరిదీ కాని నేల అని. వేల ఏళ్లుగా అక్కడ బతుకుతున్న ఆదివాసులు లెక్కలోకి రాలేదు. ఆ మాట చెల్లదని ఆస్ట్రేలియా హైకోర్టు మాబో కేసులో చెప్పేసరికి 1992 వచ్చింది. ఈనాడు అక్కడ ఆదివాసీ రిజర్వు భూముల గుండా బండి పోవాలంటే ముందుగా పర్మిట్ తీసుకోవాలి. ఎవరి ఇంటి ముందునుంచి వెళ్తున్నామో యాత్రికుడికి ఆ కాగితమైనా గుర్తుచేస్తుంది.

మన దారిలో అలా అడిగే కాగితం లేదు. మనమే అడగాలి. మొదటి రోజు ఫ్లెమింగోలను చూడబోయే పులికాట్‌లోనే మొదలుపెట్టవచ్చు. శ్రీహరికోట ఒక దీవి. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ చోటును ఎంచుకున్నప్పుడు అది ఖాళీగా లేదు, యానాదులు ఉన్నారు. వాళ్లు అడవి వదలాల్సి వచ్చింది. రాకెట్ ఎగిరితే మనమంతా చప్పట్లు కొడతాం, మేమూ కొడతాం. ఆ చప్పట్లలో యానాదుల పేరు ఎన్నడైనా విన్నామా?

దివిసీమలో 1977 నవంబర్ 19 ఉప్పెన కథ మీ నాన్నలను అడగండి. పది వేలమందికి పైగా పోయారు. సముద్రానికి దగ్గరగా గుడిసెలు వేసుకున్నది కూలీలు, మత్స్యకారులు. ఎక్కువగా పోయిందీ వాళ్లే. కోరింగ రేవు 1839 తుపానులో దెబ్బతింది. రంగూన్‌లో తెలుగు కూలీలకు 'కోరంగీలు' అన్న పేరు ఆ రేవునుంచే వచ్చింది. పొట్ట చేతబట్టుకుని పడవెక్కినవాళ్లు. ఎలక్ట్రానిక్ సిటీకి బస్సెక్కి వచ్చిన మనకు వాళ్లు పరాయివాళ్లేమీ కాదు.

అసలు చిక్కు కొండల దగ్గర వస్తుంది. మా సంఘంలో ఒక సహోదరి ఉంది. టెక్ పార్కులో హౌస్‌కీపింగ్ పని. కోయ కుటుంబం, వేలేరుపాడు మండలం. 2014లో తెలంగాణ నుంచి ఆంధ్రకు మార్చిన పోలవరం ముంపు మండలాల్లో అదొకటి. ఆదివారం ఆరాధన తర్వాత మ్యాప్ చూపించి, "అక్కా, పాపికొండల్లో బోటెక్కితే మీ ఊరు కనపడుతుందా?" అని పిల్లలు సరదాగానే అడిగారు. ఆమె కాసేపు మ్యాప్‌నే చూసి మావైపు తిరిగింది. "దిగడానికి ఊరు లేదండి అయ్యగారూ. బోటు మా ఊరి మీదనుంచే పోతదేమో." ఆమె ఏడవలేదు. మాలో ఒకరిద్దరు ఏడ్చారు.

లక్షకు పైగా కుటుంబాలను కదిలించే ప్రాజెక్టు అది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆ మండలాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆమె చిన్నాన్నకు కాలనీలో ఇల్లు వచ్చింది, పోడు భూమికి బదులు భూమి రాలేదు. డెల్టాకు నీళ్లు వద్దని మేమనం. మా తాతలూ ఆ నీళ్లతోనే వరి పండించారు. కానీ నీళ్లు తాగేవాడు మునిగినవాడి ముఖం ఒక్కసారైనా చూడాలి కదా.

మారేడుమిల్లి, లంబసింగిలో టెంట్లు, రిసార్టులు బుక్ చేస్తున్నారు మనవాళ్లు. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదని 1/70 చట్టం చెబుతోంది. 1997లో సమత తీర్పులో సుప్రీంకోర్టు ఆ చట్టానికి మరింత బలమిచ్చింది. అయినా బినామీ పేర్లు ఆగలేదు. కాబట్టి బుక్ చేసేముందు ఆ నేల ఎవరిదో, అద్దె ఎవరికి పోతుందో అడగండి. జవాబు నసిగితే ఇంకోచోటు చూడండి, గిరిజన కుటుంబమే నడిపే చోటు ఉంటే అక్కడ దిగండి. అహాబు నాబోతు ద్రాక్షతోటను కాజేసిన సంగతిని మేము ఏటా ప్రసంగిస్తాం. అహాబు తోటలో టెంటు వేసుకుని నిద్రపోవడం గురించి మాత్రం ఇంతవరకు ప్రసంగించలేదు.

ఇంకో మాట మా సంఘంలోనే కొందరికి నచ్చలేదు. "దారిలో కరపత్రాలు పంచుదాం, పిల్లలకు బిస్కెట్లిచ్చి ఫోటోలు తీద్దాం, సేవ కూడా అయిపోతుంది" అన్నారు పెద్దలు. మేము వద్దన్నాం. గంటసేపు ఆగి, పేరైనా అడగకుండా బండి కిటికీలోంచి ఇచ్చేది సువార్త కాదు. రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోసుకుని దిగే ఊళ్లున్నాయి ఆ కొండల్లో. మనం జలపాతం కోసం ఎక్కే దారికి కాస్త అవతలే ఉండవచ్చు. అలాంటి చోట కూర్చుని వినండి. తిరిగొచ్చాక ఆ రోడ్డు కోసం అర్జీ రాయండి. మీలో సగంమంది రోజంతా మెయిళ్లు రాసేవాళ్లే. పెద్దల్లో ఒకరు ఇంకా మాతో సరిగా మాట్లాడటం లేదు.

ఇక మామూలు జాగ్రత్తలు. ఏజెన్సీలో మలేరియా ఉంది, దోమతెరలు తీసుకెళ్లాలి. వానల్లో జలపాతాల్లోకి దిగవద్దు. ఘాట్ రోడ్డులో రాత్రి ప్రయాణం వద్దు. బోటు ఎక్కితే లైఫ్ జాకెట్ విప్పవద్దు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర జరిగింది మరిచిపోకూడదు. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. అది మాత్రం మంచిదే.

ఈ మాటలన్నీ ఇక్కడ కూర్చుని చెప్పడానికి మాకు కొంచెం సిగ్గుగానే ఉంది. 1970ల చివర్లో కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామాల భూముల్లో లేచింది ఈ ఎలక్ట్రానిక్ సిటీ. మా కూడిక జరిగే అపార్ట్‌మెంట్ కింద ఎవరి రాగి చేను ఉండేదో మాకు తెలియదు. పదేళ్లుగా అడగనూ లేదు. మొన్న గేటు దగ్గర కూరగాయలమ్మే పెద్దాయనను అడిగితే, చేత్తో బ్లాకులన్నీ చుట్టి చూపించి నవ్వారు.

పిల్లలు ఆ కాగితం మీది పేరు కొట్టేశారు, కొత్తది ఇంకా పెట్టలేదు. పాపికొండల రోజును ఆ సహోదరి చిన్నాన్న ఉండే కాలనీకి మార్చారు. ఆమె కూడా వస్తోంది, బండిలో ముందు సీటు ఆమెదే, ఖర్చు అందరం పంచుకుంటున్నాం. డిసెంబర్‌లో వస్తామంటే, పత్తి ఏరే కూలీకి పోతామమ్మా, ఇంట్లో ఎవరూ ఉండం, అయ్యాక రండి అన్నారాయన ఫోన్‌లో. క్రిస్మస్ సెలవులకు మంజూరైన లీవులన్నీ ఇప్పుడు ఫిబ్రవరికి మార్చుకోవాలి. ఇద్దరి మేనేజర్లు ఇంకా ఒప్పుకోలేదు.